రిపేరు చేయించిన సెల్‌ఫోను నీళ్లకు ఆగుతుందా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కరువుభత్యం గురించి మాట్లాడమన్నారు. ఆ విషయంలో నాకంటె ఎక్కువ లెక్కలూ, నాకంటె ఎక్కువ కోపమూ ఉన్నవారు ఈ హాలులోనే పదిమంది కూర్చుని ఉన్నారు. అందుచేత సెల్‌ఫోను రిపేరు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడతానని మనవి చేసుకున్నాను. ఆయన నవ్వి, "ఇది మెకానిక్కుల మీటింగు కాదండీ" అన్నారు. కాని సోదరులారా, ఈ రోజున పెన్షను పడిందని మనకు చెప్పేది సెల్లే. బ్యాంకు ఓటీపీ వచ్చేదీ సెల్లుకే. 2021 నుంచి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయం కూడ అందులోకే వచ్చింది. పూర్వం గజిటెడ్ ఆఫీసరు సంతకం పెడితే మనం బతికి ఉన్నట్టు లెక్క. ఇప్పుడు సెల్లు పలికితే బతికి ఉన్నట్టు. కాబట్టి ఇది మన సంఘానికి సంబంధించిన విషయమేనని ఆయనను ఒప్పించాను.

ముందు నాకు జరిగింది చెప్పి, తరువాత సంగతిలోకి వస్తాను.

2019లో మా అబ్బాయి ఖరీదైన ఫోను ఒకటి కొనిపెట్టాడు. "నాన్నగారూ, ఇది నీళ్లలో పడ్డా ఏమీ కాదు" అన్నాడు. 2020లో కరోనా వచ్చింది. ఆ రోజులు మీకందరికీ గుర్తే. పాలప్యాకెట్లు సబ్బుతో కడుక్కున్నాం, కూరగాయలు ఉప్పునీళ్లలో వేశాం. నేను బజారునుంచి రాగానే చేతులతోపాటు ఫోనును కూడ కుళాయి కింద పట్టి కడిగేవాణ్ణి. మా ఆవిడ చూసి, "అన్ని వేలు పోసి కొన్న వస్తువు, గిన్నె తోమినట్టు తోముతారేమండీ" అనేది. ఏమీ కాలేదు. రెండేళ్లు కడిగాను. అలవాటైపోయింది.

2023లో దాని బ్యాటరీ ఉబ్బి, వెనుక అద్దం ఒక మూల పైకి లేచింది. మా బజారులో ఒక చిన్న దుకాణానికి తీసుకెళ్లాను. పాతికేళ్ల కుర్రవాడు, మర్యాదస్థుడు. నా ఎదుటనే వేడిగాలి పట్టి, పల్చటి రేకుతో వెనుక అద్దం ఊడదీసి, కొత్త బ్యాటరీ వేసి, ట్యూబులోని గమ్ము చుట్టూ రాసి, అద్దం అతికించి, నాలుగు రబ్బరుబ్యాండ్లు వేశాడు. "గంట ఆగి వాడుకోండి సార్" అన్నాడు. 1,800 రూపాయలు తీసుకున్నాడు. ఫోను కొత్తదానిలాగా పనిచేసింది.

మూడు నెలల తరువాత ఒకనాటి పొద్దున ఫోను మీద కాఫీ ఒలికింది. అలవాటు ప్రకారం కుళాయి కింద పట్టాను. ఐదారు సెకండ్లకంటె ఎక్కువ లేదు. తుడిచి జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నానికి కెమెరా అద్దం లోపల ఆవిరి పట్టినట్టు తెల్లబడింది. సాయంత్రానికి తెర మీద గీతలు వచ్చాయి. రాత్రి చార్జింగు పెట్టాను. అది నేను చేసిన రెండో పొరపాటు. తెల్లవారేసరికి ఫోను లేదు.

ఫోటోలు పోలేదు, అవి మా అబ్బాయి చేసిన ఏర్పాటువల్ల వేరేచోట భద్రంగా ఉన్నాయి. మా ఆవిడ 2022లో కాలం చేసింది. ఆమెకు టైపు చేయటం రాదు, నేను బయటికి వెళ్లినప్పుడు వాట్సాప్‌లో మాట్లాడి పంపేది. అటువంటివి నలభైదాకా ఉండేవి. గొప్ప సంగతులేమీ కావు. వచ్చేటప్పుడు కరివేపాకు తెండి, గ్యాసువాడు వచ్చి వెళ్లిపోయాడు, ఇంకా రాలేదేం, ఇటువంటివే. వాటికి బ్యాకప్పు వేరే పెట్టుకోవాలని నాకు తెలియదు. పట్నంలో ఇద్దరికి చూపించాను. లోపల బోర్డు తుప్పు పట్టిందన్నారు. అవి రాలేదు.

కోపంగా ఆ కుర్రవాడి దగ్గరకు వెళ్లాను. "నువ్వు సరిగా అతికించలేదు, నీళ్లు పోయాయి" అన్నాను.

"గమ్ము వేశాను సార్. మీ ముందే వేశాను."

"మరి నీళ్లెట్లా వెళ్లాయి?"

"నీళ్లలో పెట్టుకోవచ్చని నేను చెప్పలేదు కదా సార్."

"పెట్టవద్దనీ చెప్పలేదు కదయ్యా."

"మీరు అడగలేదు సార్."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ముప్పయ్యారేళ్లు ఆఫీసులో పనిచేసినవాణ్ణి. ఎన్ని వందలమందికి నేను కూడ అదే జవాబు చెప్పి ఉంటానో భగవంతుడికి తెలుసు.

అతడు ఫోను మళ్లీ విప్పి, దీపం కింద నాకు చూపించాడు. సిమ్ము పెట్టే అరలోపల చిన్న తెల్ల చుక్క ఒకటి ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రగా ఉంది. కింది మూల ఫ్రేము కాస్త వంగి ఉంది. ఏనాడో నా చేతిలోంచి జారిపడినప్పుడు వంగి ఉంటుంది. అక్కడ పాతగమ్ము పెచ్చులుగా మిగిలి, దాని మీద కొత్తగమ్ము కూర్చోలేదు. వెంట్రుకంత సందు. నీటికి అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

అప్పుడు నాకు తోచిన మాటేమిటంటే, ఇన్నాళ్లూ నీళ్లకు ఆగింది ఫోను కాదు, దాని సీలు. ఎన్నికల డ్యూటీ చేసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1983 ఎన్నికల్లో నేను పోలింగు ఆఫీసరుగా వెళ్లాను. బ్యాలెట్ పెట్టెకు పేపరుసీలు వేసేవాళ్లం. దానికి నంబరు ఉంటుంది, ప్రిసైడింగు ఆఫీసరు సంతకం చేస్తాడు, ఏజెంట్లు సంతకాలు చేస్తారు. ఆ సీలు ఒకసారి చిరిగిందంటే జిగురు పెట్టి అతికిస్తే చెల్లుతుందా? చెల్లదు. పెట్టె అదే, తాళం అదే, కాని కొత్తసీలు, కొత్త నంబరు, మళ్లీ సంతకాలు కావాలి. ఫోను సంగతీ అంతే. వెనుక అద్దం ఊడదీసిన క్షణంలో ఫ్యాక్టరీలో వేసిన సీలు చచ్చిపోయింది. తరువాత వేసింది ఎట్లాంటిది, ఎవరు వేశారు, ఎవరు పరీక్ష చేశారు అన్నదే ప్రశ్న.

ఫోనులో ఇటువంటి సీళ్లు ఒకటి కాదు. తెర చుట్టూ, వెనుక అద్దం చుట్టూ ఆ మోడలు కొలతకు కోసిన జిగురుపట్టీ ఉంటుంది. సిమ్ము అరకు సన్నని రబ్బరు రింగు. చార్జింగు రంధ్రం చుట్టూ మరొక రబ్బరు. స్పీకరు, మైకు రంధ్రాల వెనుక గాలిని పోనిచ్చి నీటిని ఆపే పల్చటి పొర. మన ప్రెషర్ కుక్కరు గ్యాస్కెట్టు లాగానే ఇవన్నీ వేడికి, వాడకానికి, కాలానికి సడలుతాయి. విప్పకపోయినా సడలుతాయి. విప్పితే చెప్పనవసరం లేదు.

కంపెనీవారు పెట్టె మీద ఐపీ 67, ఐపీ 68 అని వేస్తారు. ఇది అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చే గుర్తు. మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి పోదని. రెండవ అంకె నీటికి. 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. 8 అంటే అంతకుమించిన పరీక్ష, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్7కు 1.5 మీటర్లు, 30 నిమిషాలు అన్నారు. 2020లో వచ్చిన ఐఫోన్ 12కు 6 మీటర్లు, 30 నిమిషాలు అన్నారు. ఈ పరీక్ష జరిగేది కొత్తఫోనుకు, కదలని మంచినీటిలో. సబ్బునీరు కాదు, సముద్రపు నీరు కాదు, గీజరునుంచి వచ్చే వేడినీళ్లు కాదు. కరోనాలో నేను సబ్బు పెట్టి కడిగినప్పుడు బతికింది దాని అదృష్టం.

ఇక కంపెనీల మాట. మనకు జీవోలు చదివే అలవాటు ఉంది. మొదటి పేరా చూసి సంబరపడకూడదు, కింద షరతులు చదవాలి. ఫోను ప్రకటనల్లో మనిషి ఈతకొలనులో దూకుతూ ఫోటో తీసుకుంటాడు. షరతుల్లో నీటివల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని ఉంటుంది. ఆపిల్ కంపెనీ కూడ ఈ రక్షణ శాశ్వతం కాదని, వాడకంలో తగ్గుతుందని స్పష్టంగా రాసింది. గూగుల్ పిక్సెల్ ఫోను షరతుల్లో ఇంకొక అడుగు ముందుకు వేసి, రిపేరువల్ల, విప్పటంవల్ల కూడ ఈ గుణం తగ్గవచ్చు, పోవచ్చు అని చెప్పారు. ఇట్లా చూపించేదొకటి, రాసేదొకటి అయినందుకు 2020లో ఇటలీలో ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా పడింది. 2022లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్‌కు కోటి నలభై లక్షల ఆస్ట్రేలియా డాలర్లు వేసింది. ఈతకొలనులో, సముద్రంలో వాడినట్టు చూపిన ప్రకటనల మీద వచ్చిన కేసు అది.

అయితే రిపేరు చేస్తే నీటి రక్షణ మళ్లీ రాదా? వస్తుంది, రాకూడదని లేదు. పాతజిగురు పూర్తిగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆ మోడలుకు కోసిన కొత్తపట్టీ వేసి, ఫ్రేము వంకర లేకుండా చూసి, సమానమైన బరువుతో అదిమి, చివరకు గాలిపీడనంతో లీకు పరీక్ష చేస్తే చాలావరకు వస్తుంది. కంపెనీ సర్వీసు సెంటర్లలో కొత్తపట్టీ వేసి, మిషనుతో అదుముతారు. చేతితో ట్యూబు గమ్ము రాసినచోట వస్తే అదృష్టం. ఆ కుర్రవాడిది మోసం అని నేను అనను. అతడికి నేనిచ్చిన పని బ్యాటరీ మార్చటం, మార్చాడు. పరీక్ష చేసే మిషను అతడి దగ్గర లేదు. 1,800 రూపాయలకు అది రాదు.

అందుచేత ఇప్పుడు నేను ఎవరి ఫోను రిపేరుకు వెళ్తున్నా కూడ వెళ్లి ఒకే ప్రశ్న అడుగుతాను. "కొత్తపట్టీ వేస్తావా, ట్యూబు గమ్మా? లీకు పరీక్ష చేస్తావా?" అవునంటే ఆ మాట బిల్లు మీద రాయమంటాను. రాయనంటే ఆ ఫోనుకు నీటి రక్షణ లేదనే లెక్క వేసుకుంటాను. సర్వీసు సెంటరులో చేయించినా సరే, కావాలని నీళ్లలో పెట్టను. బకెట్టులో ముంచి చూద్దామని మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. ఆ పరీక్షలో తప్పిన ఫోనుకు సప్లిమెంటరీ లేదు. మా మనవడు ఒక చిత్రం చూపించాడు. కొన్ని ఫోన్లలో గాలిపీడనం కొలిచే పరికరం ఉంటుందట. తెర మీద వేలితో నొక్కితే, సీలు గట్టిగా ఉన్న ఫోనులో ఆ అంకె చప్పున పెరుగుతుంది. సందు ఉంటే గాలి బయటికి పోయి అంకె కదలదు. వాడు తన ఫోనులో చూపించాడు, పెరిగింది. ఇంట్లో పిల్లలుంటే అడిగి చూడండి.

మొన్న మా వీధిలో ఒకాయన ఇదంతా విని, "అయితే రిపేరే వద్దంటారా?" అన్నారు. అట్లా కాదు. ఉబ్బిన బ్యాటరీని నీటి రక్షణ పోతుందని అట్టే ఉంచుకుంటే ఇల్లు తగలబడవచ్చు. దాన్ని మార్చవలసిందే. తెర పగిలితే వేయించవలసిందే, పగిలిన తెర ఎట్లాగూ నీటిని ఆపదు. రిపేరు తరువాత దాన్ని మన పాత బటన్ల ఫోనులాగా చూసుకోవాలి, అంతే. వానలో వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవరు. మురికైతే తడిగుడ్డ, కుళాయి కాదు. స్నానాలగదిలోకి తీసుకువెళ్లవద్దు.

తడిస్తే ఏం చేయాలో కూడ చెప్పి ముగిస్తాను. వెంటనే ఆపివేయండి. ఎంత తొందరగా ఉన్నా చార్జింగు పెట్టవద్దు. తడిసిన బోర్డు మీద కరెంటు పోతే తుప్పు తొందరగా పడుతుంది, నేను చేసింది అదే. పైపైన తుడిచి, సిమ్ము అర బయటికి తీసి, రంధ్రాలు కిందికి ఉండేట్టు పెట్టి ఫ్యాను గాలికి ఉంచండి. బియ్యంలో పెట్టటం మనందరికీ తెలిసిన వైద్యం. నూక, పొడి రంధ్రాల్లోకి పోతాయని, అట్లా చేయవద్దని ఆపిల్ కంపెనీవారే 2024లో చెప్పారు. ఆ బియ్యం వండుకోవచ్చు.

ఆ కుర్రవాడి దుకాణానికి ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. రిపేరుకు ఇచ్చినవారికి తనే ముందు చెబుతున్నాడు. బిల్లు పుస్తకం మీద "నీటికి గ్యారంటీ లేదు" అని రబ్బరు స్టాంపు చేయించాడు. స్టాంపు నమూనా నేనే రాసి ఇచ్చాను.

మా మనవడు వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. వాట్సాప్‌కు బ్యాకప్పు ఉన్నదో లేదో తెలియనివారు టీ విరామంలో ఫోను తీసుకుని వాడి దగ్గరకు వెళ్లండి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుందన్నాడు. మీ ఈమెయిలు పాస్‌వర్డు గుర్తుంచుకుని వెళ్లండి. గుర్తులేనివారు ఇంటికి ఫోను చేసి కనుక్కోండి.