ఆట యెందుకు మందగించును?

పెందుర్తిలో మా చెల్లెలి యిల్లు రైలుకట్టకు సమీపమున నున్నది. 2012 మే నెలలో ఒక ఆదివారము నేనచటికి పోవునప్పటికి ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు గుమిగూడి యుండిరి. సినిమా కాదు, క్రికెట్టు కాదు. మా మేనల్లుని ప్లేస్టేషన్ 3 యంత్రమునకు జబ్బు చేసినది. బావగారు వోల్టేజి తక్కువన్నారు. చెల్లెలు ఎండవేడి యన్నది. ఒక మరమ్మతు దుకాణము వారు ముందురోజే చూచి, హార్డు డిస్కును పూర్తిగా తుడిచివేయవలె ననియు, అప్పటికిని కుదరనిచో క్రొత్త యంత్రము కొనుటయే మేలనియు సెలవిచ్చిరి. డిస్కు తుడిచినచో పిల్లవాడు ఆరు నెలలుగా ఆడిన 140 గంటల ఆట పోవును. వాడు నన్ను గుమ్మములోనే పట్టుకొని, “మావయ్యా, తుడిచెయ్యొద్దని చెప్పవా” అన్నాడు.

ఆ యాట పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా సంస్థ 2011 నవంబరు 11న దానిని విడుదల చేసినది. ఆటగాడొక వీరుని వేషము ధరించి, కొండలు, అడవులు, పట్టణములు గల ఒక విశాలదేశమున తన యిచ్చ వచ్చిన దిక్కునకు పోవచ్చును. యంత్రము సెకనుకు 30 బొమ్మలు చొప్పున గీయుచుండుటచే అది మనకు చలనముగా తోచును. ఏ బొమ్మయైనను సకాలమున సిద్ధము కానిచో తెర తడబడును. మా వాని తెరపై వీరుడు అడుగు తీసి అడుగు వేయుటకు ఆపసోపములు పడుచుండెను.

నేను చేసిన తొలి పని యంత్రమును ముట్టక ప్రశ్నలడుగుట. ఎప్పుడు మందగించుచున్నది? “ఆన్ చేసిన గంట దాకా బాగానే ఉంటుంది. తరవాతే. ఆపి మళ్లీ పెడితే కాసేపు బాగుంటుంది.” ఈ ఒక్క మాటతో సగము దారి తెలిసినది. ఆ యింట ఇంటర్నెట్టు లేదు. ఆటయు ఒంటరిగా ఆడునది. కనుక దోషము తీగెలలో లేదు. పిమ్మట అదే ఆటను మొదటినుండి క్రొత్తగా ప్రారంభింపజేసి, అదే గదిలో, అదే ఎండలో రెండు గంటలు ఆడించితిని. చక్కగా నడచినది. వేడియే కారణమైనచో ఇదియు మందగించవలసినదే కదా! చివరకు వాడు దాచుకొనిన ఆటల ఫైళ్లు చూచితిమి. తొలిరోజుల ఫైలు నాలుగు మెగాబైట్లు, తాజాది పదమూడు. పాతదానిని తెరిచినచో ఆట సాఫీగా నడచుచున్నది. జబ్బు యంత్రమునకు కాదు, ఆ యొక్క ఫైలునకు.

దీనిని అర్థము చేసికొనుటకు కరణముగారి చావడిని తలచుకొందము. 1984లో కరణీకములు రద్దయినను ఆ లెక్కల కట్టలు పెద్దలకు జ్ఞాపకముండును. ఊరి భూములన్నిటిని ఏటేట తిరిగి వ్రాయరు. మారిన వానినే నమోదు చేసెదరు. ఈ ఆటయు అంతే. దేశమంతయు డిస్కుపై ముందే యుండును. ఆటగాడు తెరిచిన తలుపు, చంపిన దొంగ, బల్లమీదినుండి తోసిన గిన్నె — ఈ మార్పులు మాత్రము ఫైలున కెక్కును. మా వాడు ఆటలోని తన యింట జున్నుముద్దలు, క్యాబేజీలు వందలకొలది నేలపై పేర్చియుంచెను. ప్రతిదానికిని ఒక పద్దు!

ఇక పద్దులు పరచుకొనుటకు చోటు కావలెను. ప్లేస్టేషన్ 3లో జ్ఞాపకస్థలము రెండు వేరువేరు బీరువాలవలె 256, 256 మెగాబైట్లుగా విడదీయబడినది. ఒకటి ముఖ్యముగా చిత్రములకు, రెండవది మిగిలిన పనులకు. నాటి ఎక్స్‌బాక్స్ 360లో అదే 512 మెగాబైట్లు ఒకే బీరువాగా నుండెను. అవసరమును బట్టి సర్దుకొనవచ్చును. అదే వంశపు ఇంజనుతో ఫాల్అవుట్: న్యూ వేగస్ అను ఆటను రూపొందించిన జాష్ సాయర్ 2011లోనే ఈ సంగతిని వివరించెను. స్కైరిమ్ నిర్దేశకుడు టాడ్ హోవర్డ్ ఫైలు పరిమాణమే కారణము కాదనియు, ఆటగాడు ఏ పనులు ఏ వరుసలో చేసెనో, ఆ సమయమున ఏమేమి నడుచుచున్నవో చూడవలెననియు చెప్పెను. ఇద్దరి మాటలకును పెద్ద విరోధము నాకు కనబడదు.

చికిత్స చెప్పెదను. ముందుగా ఆ ఫైలునకు పెన్‌డ్రైవులో నకలు తీసితిమి. ఏ మరమ్మతునకైనను ఇది మొదటి మెట్టు. దుకాణము వారు దీని ఊసే యెత్తకుండుట నాకు నేటికిని కష్టముగా తోచును. తరువాత యంత్రమును గోపాలపట్నములో బ్రాడ్‌బ్యాండు గల ఒక మిత్రుని యింటికి గొనిపోయి, 2011 నవంబరు చివర మొదలుకొని సంస్థవారు విడుదల చేసిన సవరణలను ఎక్కించితిమి. ఇంటర్నెట్టు లేని యింట ఆ డిస్కు కొన్ననాటి తప్పులతోనే నడచుచుండెను పాపము. మూడవది కొంత వింతగా నుండును. ఆటలో వీరుని ఒక గదిలో కూర్చుండబెట్టి, ఇరువదినాలుగు గంటల చొప్పున ముప్పదియొక్క మార్లు వేచియుండజేసితిమి. ఆటగాడు తిరిగి అడుగిడని తావులు సాధారణముగా పది దినములకు, శత్రువులను తుడిచిపెట్టిన తావులు ముప్పది దినములకు పూర్వస్థితికి వచ్చును. వాని పద్దులు కొన్ని కొట్టివేయబడును. స్వయముగా దాచుకొను ఏర్పాటును కూడ ఆపివేసితిమి.

పూర్తిగా నయమైనదని చెప్పజాలను. మూడు గంటల కొకమారు యంత్రము నార్పి వెలిగించవలసి వచ్చెడిది. ఆ సంస్థకే అది సులభము కాలేదు. డాన్‌గార్డ్ అను అనుబంధము ఎక్స్‌బాక్సునకు 2012 జూనులో రాగా, ప్లేస్టేషన్ 3నకు 2013 ఫిబ్రవరికి గాని రాలేదు. 2016 అక్టోబరు 28న ప్లేస్టేషన్ 4 కొరకు అదే ఆట తిరిగి వచ్చునాటికి యంత్రములో బీరువా ఒక్కటే, ఎనిమిది గిగాబైట్లు.

స్నేహితులతో ఇంటర్నెట్టుపై ఆడు ఆటల సంగతి వేరు. గాజుతీగెలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. విశాఖనుండి సింగపూరు తిన్నగా 2,900 కిలోమీటర్లుండును గనుక, పోయి వచ్చుటకు సెకనులో వెయ్యింట 29 వంతులు తప్పవు. ఎవరెంత ధనము వెచ్చించినను ఆ మేరకు తగ్గదు. మీట నొక్కిన కొంతసేపటికి గాని వీరుడు కదలనిచో టెలివిజనులో గేమ్ మోడ్ అను అమరికను కూడ ఒకమారు చూచుకొనవలెను.

బావగారు క్రొత్త యంత్రమునకై తీసియుంచిన సొమ్ముతో ఆ వేసవిలోనే ఇన్వర్టరు కొనిరి. మేనల్లుడు నేను చెప్పినవన్నియు చేసెను గాని, నేలపై పేర్చిన జున్నుముద్దలను అమ్ముటకు మాత్రము ఒప్పుకొనలేదు.