కథలు కూడు పెడతాయా?

(మన సంఘం వార్షిక సమావేశంలో, సభ్యుల పిల్లలు, మనుమలు కూడా పాల్గొన్న సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడటానికి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. నేను ఒక ఇంటి ముచ్చటతో మొదలుపెడతాను. మా మనుమరాలు ఈ యేడు ఇంటర్ పూర్తి చేసింది. "తాతా, నాకు తెలుగన్నా పుస్తకాలన్నా ఇష్టం. అదే చదువుకుంటే బతకగలనా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళ కింద దాని తండ్రి కూడా నన్ను ఇదే అడిగాడు. "కథలు కూడు పెడతాయిరా?" అని వాడి నోరు మూయించాను. వాడు వేరే చదువు చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు. లోటేమీ లేదు. కాని ఆనాటి నుంచి వాడి చేతిలో కథల పుస్తకం నేను చూడలేదు.

మిత్రులారా, ఆ మాట అన్న నేను సర్వీసంతా తిన్నది అక్షరం పెట్టిన కూడే. ఈ సంగతి గ్రహించడానికి నాకు ఇంత వయసు పట్టింది.

నేను 1973లో గుమాస్తాగా చేరాను. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది గాని, మన ప్రాంతపు పాత భూమి కాగితాలు సేత్వార్ మొదలుకొని చాలావరకు ఉర్దూలోనే ఉండేవి. ఒకనాడు ఒక రైతు కోసం పాత నకలును తెలుగులోకి దించమన్నారు. అందులో 'షిక్మీదారు' అని ఉంటే నేను 'కౌలుదారు' అని రాసి సంతకానికి పెట్టాను. మా హెడ్ క్లర్కు ఉర్దూ మీడియంలో చదివిన పెద్దమనిషి, షాయిరీ అంటే ప్రాణం. కాగితం చూసి నన్ను పిలిచారు. షిక్మీదారు అంటే పట్టాదారుతోపాటు భూమిలో హక్కు గలవాడు. కౌలుకు చేసేవాడిని 'ఆసామీ షిక్మీ' అంటారు. రెండింటికీ ఎంతో తేడా ఉన్నది. "ఒక్క లఫ్జు తప్పైతే ఆ ఇంటి పొలం పోతది బేటా, ఎరుకేనా?" అన్నారు. ఆ రోజు ఆ రైతు హక్కును కాపాడింది నా డిగ్రీ కాదు, మా హెడ్ క్లర్కుగారి భాషాభిమానం.

కనుక పిల్లలూ, పుస్తకాలు ఇష్టమంటే కవి కావడం ఒక్కటే దారి అనుకోకండి. మాటను సరిగా చదవడం, సరిగా రాయడం అవసరమైన చోటల్లా మీకు పని ఉంది. బడులలో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో మన రాష్ట్రం చట్టం చేసింది. అందుచేత డిగ్రీ తరువాత పండిత శిక్షణో బి.ఎడ్.నో పూర్తిచేసిన తెలుగు ఉపాధ్యాయులు కావాలి. ఉర్దూ 2017లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది, ఆ తరువాత ఉర్దూ అధికారుల నియామకాలు జరిగాయి. గ్రంథాలయాలకు 1960 నాటి చట్టం ఉంది. మనం కట్టే ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది. ఆ కొలువుకు లైబ్రరీ సైన్సు చదవాలి. ఉస్మానియాలో ఉంది, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటినుంచే చదివే వీలుంది. ఇంకా పత్రికలున్నాయి, అనువాదం ఉంది, ప్రూఫులు దిద్దడం ఉంది, పాఠ్యపుస్తకాలు తయారుచేయడం, సినిమాలకు డబ్బింగు మాటలు రాయడం ఉన్నాయి.

ప్రూఫులు దిద్దడమంటే చిన్నచూపు చూడకండి. వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఇళ్ళలో పనిచేశారు, హోటల్లో పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరుగా ఉన్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. 'ప్రజల మనిషి' నవల రాసింది ఆయనే. దాశరథి గారు రెండు భాషలు తెలిసినందువల్లనే 1961లో గాలిబ్‌ను తెలుగువారికి అందించగలిగారు.

అయితే మీకు అబద్ధం చెప్పను. కేవలం కథలు, కవితలు రాసి ఇల్లు గడపడం కష్టం. ప్రూఫులకూ అనువాదాలకూ వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. సర్కారు కొలువులకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక ఏళ్ళు కూర్చున్నవారిని మనం చూశాం. అందుకని నా సలహా ఇది: తెలుగుతోపాటు రెండవ భాష ఒకటి గట్టిగా నేర్చుకోండి. దానితో మరో విద్య జోడించండి. అది చట్టం కావచ్చు, లైబ్రరీ సైన్సు కావచ్చు, కంప్యూటరు కావచ్చు. ఇప్పుడు కంప్యూటరే అనువాదం చేస్తుంది కదా అంటారు. చేస్తుంది. కాని అది నాలాగే 'షిక్మీదారు'ను 'కౌలుదారు' అని రాస్తే పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి చదువరి అయి ఉండాలి.

ఇక పెద్దలకు ఒక మనవి. వికారాబాద్, తాండూరు ఆఫీసుల్లో పనిచేసిన మనకు విరాసత్, ఫైసల్ పట్టీ, పోత్ ఖరాబ్ లాంటి మాటలు నోటికి వచ్చు. మనతోపాటే అవి పోతే, రేపు ఆ కాగితాలు చదవాల్సిన పిల్లలు ఎవరిని అడుగుతారు? ప్రతి సభ్యుడు తనకు తెలిసిన పదాలు ఒక నోటుబుక్కులో అర్థంతో సహా రాసి సంఘానికి ఇవ్వాలని కోరుతున్నాను. చూపు ఆనని వారు చెబితే పిల్లలు రాస్తారు. నా పుస్తకం మొదలుపెట్టాను, ఇప్పటికి నలభై పేజీలయింది. రాసిపెడుతున్నది మా మనుమరాలే.

దానికి "చదువుకో బిడ్డా" అని చెప్పాను. ఆ రాత్రి దాని తండ్రిని కూడా పక్కన కూర్చోబెట్టుకొని, "ఆనాడు నేనన్నది తప్పురా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. కొంతసేపటికి లేచి, బిడ్డ ముందున్న నోటుబుక్కు తీసుకొని చదవడం మొదలుపెట్టాడు.