52 రోజుల తర్వాత భోజనం



ఎల్బీ నగర్‌లో రోజూ బస్సు దిగేవాళ్లలో ఎందరికి ఆ ‘ఎల్బీ’ లాల్ బహదూర్ శాస్త్రి అని గుర్తుంటుందో! 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రిగా ఉన్న శాస్త్రి వెంటనే రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు వద్ద మరో ప్రమాదం జరిగాక శాస్త్రి మళ్లీ ఇస్తే నెహ్రూకు తీసుకోక తప్పలేదు. వంతెన కట్టింది ఆయన కాదు, కాపలా కాసిందీ ఆయన కాదు. అయినా తప్పు మోపడానికి కింది ఉద్యోగి మెడ వెతకలేదు.

ఇలా ఎదుటివాడి మనసెరిగి మసలుకోవడమనే పాత సంగతికే 1990లో సాలొవే, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ పేరుతో శాస్త్రరూపం ఇచ్చారు. 1995లో గోల్‌మన్ అనే రచయిత పుస్తకంతో అది ఆఫీసు శిక్షణ తరగతులకెక్కింది.

అది చూడటానికి తరగతికి పోనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సు ఎక్కితే చాలు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు జీరో టికెట్. ఫుట్‌బోర్డు దాకా జనం. “పైసలిచ్చి మేం నిలబడాల్నా?” అని ఒకాయన గొణుగుతాడు. “మేమేమన్న ఫ్రీ ఇయ్యుమని అడిగినమా?” అని వెనక నుంచి జవాబు. మధ్యలో ఇరుక్కున్న కండక్టరు రూల్సు ఏకరువు పెడితే గొడవ ముదురుతుంది. పని తెలిసిన కండక్టరమ్మ ఆ జోలికి పోదు. “అన్నా, కొత్తపేటల జర ఖాళీ అయితది. అందాక నీ బ్యాగు నా సీటు కింద పెట్టు” అంటుంది. గొణుగుడు ఆగదు, తగ్గుతుంది. బస్సు కదలడానికి అంత చాలు. రైట్ రైట్!

అదే ఆర్టీసీలో పైస్థాయిలో జరిగింది చూడండి. ప్రభుత్వంలో విలీనం కోరుతూ 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. గడువులోగా రానివాళ్లు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయినట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు అన్నారు. ఆ ఒక్క మాటతో డిమాండ్ల గొడవ కాస్తా పరువు గొడవైంది. 52 రోజులు సాగింది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. నవంబరు 25న సంఘాలే సమ్మె విరమించాయి. డిసెంబరు 1న డిపోకు ఐదుగురి చొప్పున ప్రగతి భవన్‌కు పిలిపించి, ముఖ్యమంత్రి వాళ్లతో కలిసి భోంచేశారు. రిటైర్మెంటు వయసు 60కి పెంచారు, సమ్మె రోజుల జీతమూ ఇస్తామన్నారు, ఆడవాళ్లకు రాత్రి 8 దాటితే డ్యూటీ వద్దన్నారు. అన్నీ మంచి మాటలే. సంఘాలను మాత్రం పక్కన పెట్టారు.

ఆ భోజనం దయ కాదనలేం. కానీ అది గెలిచినవాడు పెట్టిన భోజనం. అదే విస్తరి అక్టోబరు మొదటి వారంలో, ఇంకా ఎదురు తిరిగి మాట్లాడుతున్న సంఘం నాయకుల ముందు వేసి ఉంటే దాని రుచి వేరు. దయకు వేళ ఉంటుందని మేనేజర్లు మరచిపోయేది ఇక్కడే. మెమో ముందు, మాట తర్వాత అయితే ఆ మాట ఎవరికీ వినబడదు.

ఈ సభలో టీం లీడర్లున్నారు, ప్రిన్సిపాళ్లున్నారు, అపార్ట్‌మెంటు సంఘాల పెద్దలున్నారు. ఎల్బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులు దగ్గరే. మాట ముందుంటే ఏమవుతుందో చూడాలంటే, కేసులను రాజీతో తేల్చే లోక్ అదాలత్ జరిగే రోజున ఒక పూట వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు, ఆ తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు.