తీరిక దొరికిన పొయ్యి

ఉద్యోగ విరమణ అయ్యాక మా వింజమూరులో పొద్దున్నే బస్సు కోసం పరుగెత్తే పని ఉండదు. ఆ తీరికను కొంత పొయ్యి దగ్గర గడపమంటాను. ఇన్నాళ్ళూ కుక్కరుతో సరిపెట్టిన వంటను ఇప్పుడు మట్టిచట్టిలో నిదానంగా చేసుకోవచ్చు. మన నెల్లూరు చేపల పులుసే చూడండి. చింతపండు పులుసు బాగా మసిలాక చేపముక్కలు, చివర్లో పుల్లమామిడి ముక్కలు వేస్తాం. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు. చట్టినే రెండు చేతులా పట్టుకుని తిప్పాలి, లేకుంటే ముక్క విరుగుతుంది. రాత్రి వండి మర్నాడు తింటేనే రుచి. పులుపూ కారమూ అప్పటికి ముక్కలోకి దిగుతాయి. ఉప్పు దగ్గర మాత్రం చెయ్యి బిగించండి. రోజుకు 5 గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

సంగటి గెలకడానికి మంచి తెడ్డు కావాలంటే ఉదయగిరి వెళ్ళండి. అక్కడి చెక్క గరిటెలకు, స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది. కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన అక్కడి దుర్గాన్ని, మోకాళ్ళు ఒప్పుకోకపోతే కింది నుంచే చూడొచ్చు. ఇంకోనాడు పెన్న మీది సోమశిల డ్యాం, మరోనాడు కొండను తొలిచిన గుళ్ళున్న భైరవకోన. భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్ళండి. ఇన్నేళ్ళూ వండిపెట్టిన ఇల్లాలికి ఆ పూట వంట పని పెట్టకండి. 60 ఏళ్ళు నిండినవారికి ఆర్టీసీ టికెట్టు మీద 25 శాతం రాయితీ ఉంది. ఆధార్ కార్డు మరిచిపోకండి.