పానా కొనే ముందు

 

పది మందికీ పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు కమిటీవారు. మనలో చాలామందికి ఇప్పుడు సొంత కారుంది. ఆదివారం బానెట్ ఎత్తే సరదా కూడా కొందరికి మొదలైంది. కాబట్టి పానాల గురించి మాట్లాడతాను.

మన ఫిజికల్ సైన్సు మాస్టారు తలుపు బొమ్మ గీసి, గొళ్లెం బందుకు దూరంగా ఎందుకుంటుందని అడిగేవారు. బలభ్రామకం పాఠం అది. 30 సెంటీమీటర్ల పానా చివర 30 కిలోల బరువుతో నొక్కితే నట్టు మీద పడేది సుమారు 88 న్యూటన్ మీటర్లు. చిన్న కారు చక్రం నట్టుకు కావలసింది దాదాపు అంతే. ఆ బలాన్ని మోసేవి నట్టుకున్న ఆరు పలకలు. పానా నోరు వదులైతే బలం పలకలను వదిలి మూలల మీద పడుతుంది. మూలలు అరిగి నట్టు గుండ్రమయ్యాక ఎంత మంచి పానా తెచ్చినా పట్టదు. పానాలో ఆదా చేసిన వంద రూపాయలు ఆ నట్టు కోయించడానికే చాలవు.

అందుకని సాకెట్లు కొనేటప్పుడు పన్నెండు మూలలవి కాక ఆరు మూలలవి తీసుకోండి. క్రోమ్ వెనేడియం అన్న ముద్ర ఒక్కటే చూసి నమ్మకండి, ముద్ర ఎవరైనా కొడతారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌కో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లేటప్పుడు జేబులో కొత్త బోల్టు ఒకటి వేసుకెళ్లండి. పానాలో పెట్టి ఆడించండి. లొడలొడలాడితే తిరిగి ఇచ్చేయండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. విదేశీ సరుకే కావాలని లేదు. జలంధర్, లూథియానాల నుంచి చేతి పనిముట్లు విదేశాలకే ఎగుమతి అవుతున్నాయి.

వంద ముక్కల సూట్‌కేసు సెట్లు నాకు నచ్చవు. సగం ముక్కలు జన్మలో వాడం. మారుతి లాంటి జపాన్ పద్ధతి కార్లకు 10, 12, 14, 17, చక్రానికి 19 మిల్లీమీటర్లవి ఉంటే చాలా పనులు జరిగిపోతాయి. జర్మన్ పద్ధతి బండ్లకు 13 కావాలి, నక్షత్రం తలల టార్క్స్ బిట్లు కూడా.

మిగిలిన డబ్బుతో టార్క్ రెంచ్ కొనండి. కసిదీరా బిగించడం మనవాళ్ల అలవాటు. అల్యూమినియం ఆయిల్ సంపులో డ్రెయిన్ బోల్టును అలా బిగిస్తే మరలు ఊడొస్తాయి. టార్క్ రెంచ్‌తో నట్లు విప్పకండి, అది బిగించడానికే.

ఎక్కడ తగ్గించుకున్నా జాక్ స్టాండ్ల దగ్గర మాత్రం వద్దు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. హైడ్రాలిక్ జాకీలో ఒక్క సీలు పాడైతే టన్ను బరువు మనిషి గుండె మీదికి దిగుతుంది. సిమెంటు ఇటుకలు పేర్చి కింద దూరేవాళ్లను చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి. అవి పగిలే ముందు చెప్పవు. గట్టి చదును నేల మీద, చక్రాలకు అడ్డం పెట్టి, మాన్యువల్‌లో చూపిన చోట స్టాండ్లు నిలపండి. కారును గట్టిగా ఊపి చూశాకే కింద దూరండి.

నా పెట్టె డిక్కీలో ఉంది. నాలుగు సైజుల బోల్టులు, ఒక మంచి పానా, ఒక నాసిరకం పానా తెచ్చాను. భోజనాలయ్యాక వేపచెట్టు కిందికి రండి, ఎవరికి వారే పెట్టి చూసుకోవచ్చు.