ముందు వరుస

2002లో ఎదుర్లంక వంతెన రాకపూర్వం, యానాం రేవులో లాంచీ ఆగీ ఆగకముందే గట్టుకు దూకి, కాకినాడ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినవానిదే సీటు. మనకు ఆ తొందర విమానంలోనూ వదలలేదు. మొన్న మా పెద్దమ్మను అమలాపురం నుండి మధురపూడికి తీసుకువెళ్లి హైదరాబాదు విమానమెక్కించాను. గంట ప్రయాణమే అయినా, త్వరగా దిగవచ్చునని అదనపు రుసుము చెల్లించి మరీ ముందు వరుస సంపాదించాను. తీరా అది ఏ.టి.ఆర్. విమానం! అందులో ముందుభాగం సామానుకు. ప్రయాణికుల ద్వారం తోక దగ్గర. అందరికన్న చివర దిగినది మేమే.

అది పోనిద్దురు. లేవడానికి సులువని ఆమెను నడవవైపు కూర్చోబెట్టి, కిటికీ నేను పుచ్చుకున్నాను. "గోదారి కనబడుతుందిట్రా?" అని ఆమె అడిగింది. నేను వెనక్కు ఒరిగి చోటిచ్చేసరికి నది దాటిపోయింది.