అణు కేంద్రం ఉద్యోగం వదిలి పైపులు చేసిన మనిషి: ఎస్.పి.వై. రెడ్డి కథ

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వీడియోలు మొదలుపెట్టినప్పటి నుంచి మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఉద్యోగం వదిలేసి మన కర్నూలు, కడప వైపు వచ్చి ఏం చేయగలం? ఇక్కడ ఏముంది?" దీనికి నా దగ్గర సలహా లేదు కానీ, ఒక కథ ఉంది. ఇందులో మెచ్చుకునేవీ ఉన్నాయి, ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. రెండూ చెప్తాను.

ఎస్.పి.వై. రెడ్డి గారు 1950లో కడప జిల్లా అంకాలమ్మగూడూరులో పుట్టారు. వరంగల్ ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్‌ఐటీలో, మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో సైంటిస్ట్ ఉద్యోగం. ఆ రోజుల్లో ఒక పల్లెటూరి పిల్లాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది చెప్పండి? అది వదిలేసి, 1970ల చివర్లో నంద్యాల వచ్చి ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీ పెట్టారు. 1984లో నంది పైపులు మొదలయ్యాయి.

పైపులే ఎందుకు? ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు కానీ, మన నేల చూస్తే లెక్క అర్థమవుతుంది. కోస్తాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడితే, మన రెండు జిల్లాల్లో సగటు 700 దగ్గరే ఆగిపోతుంది. అది కూడా టైముకి పడదు. సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే కేసీ కెనాల్ ఉంది. దాన్ని 1860ల్లో ఒక బ్రిటిష్ కంపెనీ తవ్వించింది. కాలువ కింద ఉన్నవాళ్లకి వరి. కాలువ అందని ఊర్లకి బోరే దిక్కు.

బోరు వేస్తే సరిపోదు కదా. ఆ నీళ్లు పొలం చివరిదాకా చేరాలి. మట్టి కాలువలో వదిలితే సగం దారిలోనే ఇంకిపోతాయి. ఇనుప పైపు బరువు, ఖర్చు, పైగా తుప్పు. పీవీసీ పైపు అయితే ఒక మనిషి భుజాన వేసుకుని పోతాడు. సొల్యూషన్ రాసి అతికిస్తే జాయింట్ అయిపోతుంది. నీళ్లు దండిగా ఉన్నచోట పైపు ఒక సౌకర్యం, అంతే. నీళ్లు కరువైన చోట పైపే ప్రాణం. మనం "ఇక్కడ ఏముంది" అని అడుగుతాం. ఈ బిజినెస్ మాత్రం "ఇక్కడ ఏం లేదు" అనే దగ్గర నిలబడింది.

ఇక దాతృత్వం సంగతి. నంద్యాలలో ఆయన పేరు చెప్తే చాలామందికి పైపుల కన్నా ముందు గుర్తొచ్చేది రూపాయికే రొట్టె, పప్పు. ఎండాకాలంలో ఉచితంగా మజ్జిగ. తమిళనాడులో అమ్మ క్యాంటీన్లు 2013లో రూపాయికి ఇడ్లీ పెట్టాయి. మన దగ్గర అన్న క్యాంటీన్లు 2018లో ఐదు రూపాయలకి భోజనం పెట్టాయి. అవన్నీ ప్రభుత్వ డబ్బుతో నడిచినవి. ఇక్కడ ఖర్చు ఒక వ్యాపారి పెట్టుకున్నాడు. నాకు నచ్చింది ఆ రూపాయి. దానితో ఖర్చు తిరిగి రాదు. కానీ తినేవాడు చేయి చాచలేదు, కొనుక్కున్నాడు. ఆ గౌరవం చిన్నది కాదు.

మరి ఇదంతా ఓట్ల కోసమేనా? ఈ డౌట్ మీకు వస్తుంది, నాకూ వచ్చింది. నంద్యాల మామూలు సీటు కాదు. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిస్తే, ఇక్కడ ఒక్కచోటే జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. 1991లో ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది కూడా ఇక్కడి నుంచే. అలాంటి చోట ఎస్.పి.వై. రెడ్డి వరుసగా మూడుసార్లు ఎంపీ. 2004, 2009లో కాంగ్రెస్, 2014లో వైసీపీ. 2014లో ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే టీడీపీ వైపు వెళ్లిపోయారు. ఒక పార్టీ గుర్తు చూసి ఓటేసిన మనిషికి ఇది ఎలా ఉంటుంది? నాకైతే ఇది సమర్థించుకోగలిగిన పని అనిపించదు. రొట్టె పెట్టినందుకు దీన్ని మాఫీ చేయలేం.

2019లో టీడీపీ టికెట్ రాలేదు. జనసేన తరఫున నిలబడ్డారు. ప్రచారం టైములోనే ఆరోగ్యం దెబ్బతింది. ఏప్రిల్ 11న పోలింగ్, ఏప్రిల్ 30న ఆయన చనిపోయారు. మే 23న పెట్టెలు తెరిస్తే వైసీపీ గెలిచింది, టీడీపీ రెండో స్థానం. ఆయనకొచ్చిన ఓట్లు వాటి దరిదాపుల్లో కూడా లేవు.

ఒక్కసారి ఆలోచించండి. అదే మనిషి, అదే పేరు, అవే పైపులు. గుర్తు మారింది. జబ్బు కూడా ఒక కారణమే, కాదనను. కానీ జనం రొట్టె లెక్క, ఓటు లెక్క వేరువేరు పుస్తకాల్లో రాసుకున్నారని నాకు అనిపిస్తుంది. "పేదోళ్లు తిన్నదానికి ఓటేస్తారు" అని ఈజీగా అనేస్తాం కదా, నంద్యాల ఫలితం అలా చెప్పట్లేదు.

మనం కూడా అలాగే చూడాలి, ఫ్రెండ్స్. ఒకే మనిషి వ్యాపారి, దాత, నాయకుడు అయినప్పుడు మూడు ఖాతాలు విడివిడిగా తెరవాలి. పైపు గట్టిదా? రొట్టె ఆకలి తీర్చిందా? ఓటుకి విలువ ఇచ్చాడా? ఒక ఖాతాలో మిగులు ఇంకో ఖాతాలో అప్పు తీర్చదు. అలాగే ఒక ఖాతాలో అప్పు ఉందని ఇంకోదాంట్లో మంచిని కొట్టేయకూడదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఉద్యోగం వదలాలా వద్దా అనేది మీ ఇంటి పరిస్థితి, మీ అప్పులు, మీ ధైర్యం చూసుకుని మీరే తేల్చుకోవాలి. కానీ ఊరికి వచ్చినప్పుడు "ఇక్కడ ఏముంది" అని కాకుండా, "ఇక్కడ దేనికోసం జనం రోజూ కష్టపడుతున్నారు" అని ఒక వారం రోజులు చూడండి. అది ఫోన్లో కనిపించదు, పొలం గట్టు మీద, బస్టాండులో కనిపిస్తుంది. మీ ఊర్లో మీకు కనిపించింది ఏంటో కామెంట్లో రాయండి. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.